బీమ్ ఆన్‌లో ఉన్నప్పుడు తెర మీద ఏం ఉండాలి? రేడియోథెరపీ మానిటరింగ్ ఇంటర్‌ఫేస్‌పై చర్చ

#1 · తెరగీత

లీనాక్ (రేడియేషన్ చికిత్స యంత్రం) కన్సోల్ పక్కన పెట్టే మానిటరింగ్ తెర ఒకటి డిజైన్ చేస్తున్నాం. ఇది డేటా చదువుతుందే తప్ప యంత్రానికి ఏ ఆదేశమూ పంపదు. మొదటి నమూనాలో 14 గడులున్నాయి: డోస్ రేటు, ఎంయూ (మానిటర్ యూనిట్, బీమ్ ఎంత ఇచ్చిందో లెక్కించే కొలమానం), గ్యాంట్రీ (పేషెంట్ చుట్టూ తిరిగే భాగం), కాలిమేటర్ (బీమ్ వెడల్పుని కట్టడి చేసే భాగం), కౌచ్ (పేషెంట్ పడుకునే బల్ల) మూడు అక్షాలు, ఎంఎల్‌సీ (బీమ్‌కి ఆకారమిచ్చే లోహపు లీఫ్‌ల వరస), గేటింగ్ (శ్వాసకి తగ్గట్టు బీమ్ ఆపి నడపడం), ఇంటర్‌లాక్‌లు (తేడా వస్తే బీమ్‌ని ఆపే రక్షణలు), తలుపు వగైరా. నల్ల నేపథ్యం. సరిగా ఉంటే ఆకుపచ్చ, తేడా వస్తే ఎరుపు.

మూడు సందేహాలు. దేన్ని అన్నిటికన్నా పెద్దగా చూపాలి? ఎంత తేడాకి హెచ్చరిక మోగాలి? ఓవర్‌రైడ్ (హద్దు దాటినా కొనసాగించే) తెర ఎలా ఉండాలో కూడా మమ్మల్నే సూచించమన్నారు. అక్కడ "కొనసాగించాలా?" అని రెండుసార్లు అడిగితే చాలా?

#2 · అయాన్‌చాంబర్

గడుల లెక్క తర్వాత. ప్రతి అంకె ఎక్కడి నుంచి వస్తోందో ముందు ఒక పట్టికలో రాసుకోండి. ప్లాన్ ఫైల్ నుంచా, యంత్రానికి పంపిన ఆదేశం నుంచా, సెన్సర్ కొలిచిందా, లేక వేరే అంకెల నుంచి కట్టిన లెక్కా? ఆదేశాన్ని చూపిస్తూ కొలత అన్నట్టు భ్రమ కలిగించే గడి ఒక్కటున్నా తెర మొత్తం అబద్ధం చెప్పినట్టే.

1992 నవంబరులో అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఇండియానా అనే ఊళ్లో జరిగిన హెచ్‌డీఆర్ బ్రాకీథెరపీ (రేడియోధార్మిక సోర్స్‌ని తీగతో ఒంట్లోకి పంపి చేసే చికిత్స) ప్రమాదం దీనికి పాఠం. తీగ చివర ఉండాల్సిన ఇరిడియం-192 సోర్స్ విరిగి పేషెంట్ ఒంట్లోనే ఉండిపోయింది. తీగ మాత్రం వెనక్కి వచ్చింది. కన్సోల్ తీగ కదలికనే చూస్తుంది కాబట్టి సోర్స్ యంత్రం లోపలికి వచ్చేసింది, అంతా సురక్షితం అని చూపింది. గదిలో గోడకున్న రేడియేషన్ మానిటర్ మాత్రం మోగుతూనే ఉంది. అది అంతకుముందు ఉత్తినే మోగిన సందర్భాలుండటంతో ఈసారీ దాని లోపమే అనుకున్నారు. చేతి సర్వే మీటర్‌తో ఒక్కసారి చూసినా తెలిసిపోయేది. పేషెంట్ కొద్ది రోజుల్లో చనిపోయారు.

డిజైన్‌కి దీని నుంచి తీసుకోవాల్సింది: "సోర్స్ లోపల ఉంది" అనే మాట తెర మీద ఉండకూడదు. "తీగ: వెనక్కి వచ్చింది" ఒక వరస, "గది మానిటర్: రేడియేషన్ ఉంది" దాని కిందే ఇంకో వరస. రెండూ పొసగకపోతే ఆ పొసగకపోవడాన్నే పెద్ద అక్షరాల్లో చూపండి. ఎవరు కరెక్టో తేల్చే పని సాఫ్ట్‌వేర్ నెత్తిన వేసుకోకూడదు.

#3 · కన్సోల్‌పక్క

మీ మొదటి ప్రశ్నకి టెక్నాలజిస్టు వైపు నుంచి జవాబు. బీమ్ ఆన్‌లో ఉన్నప్పుడు కళ్లు మీ తెర మీద ఉండవు. సీసీటీవీ మీద ఉంటాయి. పేషెంట్ చెయ్యి కదిపారా, దగ్గారా, గ్యాంట్రీ మోచేతికి దగ్గరగా వెళ్తోందా అన్నది అక్కడే కనిపిస్తుంది. కాబట్టి మీ తెర సీసీటీవీ మానిటర్ పక్కనే, అదే ఎత్తులో ఉండాలి. తల తిప్పాల్సి వస్తే ఎవరూ చూడరు.

చూసే వ్యవధి ఎంతో లెక్కేసుకోండి. 600 ఎంయూ/నిమిషం దగ్గర 200 ఎంయూ ఫీల్డు 20 సెకన్లలో అయిపోతుంది. గ్యాంట్రీ తిరుగుతూ బీమ్ ఇచ్చే పూర్తి వీమ్యాట్ ఆర్క్ అయినా ఒక నిమిషం, కాస్త అటూఇటూ. ఆ 20 సెకన్లలో 14 గడులు ఎవరు చదువుతారు?

అందుకని ఒక్క తెర కాదు, రెండు కావాలి. బీమ్‌కి ముందు తెర: పేషెంట్ ఫోటో, పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, ట్రీట్ చేసే భాగం, కుడా ఎడమా, ఎన్నో ఫ్రాక్షన్, అంటే ఎన్నో విడత (25లో 7 అన్నట్టు), బోలస్ (చర్మం మీద పెట్టే పొర) ఉందా, అప్లికేటర్ లేదా వెడ్జ్ (బీమ్‌కి అమర్చే సామగ్రి) ఏది, ఇవాళ్టి ఇమేజింగ్ షిఫ్ట్ ఎంత. దీన్ని ఇద్దరు కలిసి పైకి చదువుతారు, అందుకే చదివే వరుసలోనే అమర్చాలి. బీమ్ ఆన్ కాగానే ఇదంతా మాయమై నాలుగే మిగలాలి: ఇచ్చిన ఎంయూ, ఇవ్వాల్సిన ఎంయూ, బీమ్ స్థితి (ఆన్, హోల్డ్ అంటే తాత్కాలిక నిలుపుదల, ఆగింది), ప్లాన్ నుంచి అతి పెద్ద తేడా. తక్కినవి ఏదైనా తేడా వస్తేనే పైకి రావాలి.

ఇంకొకటి. పేరు, ఫోటో ఉన్న తెర వరండాలోకి కనిపించేలా పెట్టకండి.

#4 · తెరగీత

"అతి పెద్ద తేడా" అంటే, గ్యాంట్రీ డిగ్రీల్లో ఉంటుంది, కౌచ్ సెంటీమీటర్లలో ఉంటుంది కదండీ. రెంటినీ ఎలా పోల్చాలి?

#5 · అయాన్‌చాంబర్

ఒక్కోదాన్ని దాని టాలరెన్స్‌తో (అనుమతించే హద్దుతో) భాగించండి. గ్యాంట్రీ హద్దు 1 డిగ్రీ, తేడా 0.4 అయితే 40 శాతం. కౌచ్ హద్దు 0.5 సెం.మీ., తేడా 0.3 అయితే 60 శాతం, అది పైకి వస్తుంది. కానీ తెర మీద శాతం చూపకండి, అసలు యూనిట్‌లోనే తేడా చూపండి. శాతం వరుస పెట్టడానికే పనికొస్తుంది.

కోణాలు తీసేసేటప్పుడు 359.8కీ 0.1కీ మధ్య తేడా 0.3 అని రావాలి, 359.7 అని కాదు. నవ్వులాటగా అనిపిస్తుంది గానీ తొలి నమూనాల్లో ఈ బగ్ దాదాపు ఖాయం. కొన్ని కన్సోళ్లు కౌచ్‌కి రుణ సంఖ్య వాడవు, 1000 నుంచి వెనక్కి లెక్కిస్తాయి. −2 సెం.మీ. అక్కడ 998. గ్యాంట్రీ స్కేలూ అంతే: అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61217 ప్రకారం హెడ్ నిట్టనిలువుగా పైన ఉంటే 0, కొన్ని పాత యంత్రాల సొంత స్కేల్‌లో అదే స్థానం 180. డేటా లోపలికి రాగానే అన్నిటినీ ఐఈసీలోకి మార్చి, ఏ స్కేలో తెర మూలన రాయండి.

#6 · మాల్‌ఫంక్షన్

మూడో ప్రశ్నకి వస్తాను. రెండుసార్లు అడగడం అంటే రెండుసార్లు నొక్కించడం, అంతకుమించి ఏం ఉండదు. రోజుకి నలభైసార్లు వచ్చే ప్రశ్నకి జవాబు మనిషి చెప్పడు, అలవాటు పడ్డ వేలు చెబుతుంది.

థెరాక్-25 అనే రేడియోథెరపీ యంత్రం గురించి అందరూ రేస్ కండిషన్ (పనుల వరస తారుమారైతే వచ్చే ప్రోగ్రామ్ తప్పు) అనే చెబుతారు. 1985 నుంచి 1987 మధ్య తెలిసినంతలో ఆరు ఓవర్‌డోసులు. ప్రోగ్రామ్ తప్పులు నిజమే. దాంతోపాటు తెర ఏం చెప్పిందో చూడండి. 1986లో టెక్సస్‌లోని టైలర్‌లో ఆపరేటర్ ఎక్స్‌రే అని కొట్టి, వెంటనే కర్సర్ పైకి జరిపి ఎలక్ట్రాన్ అని మార్చింది. తెర మీద అంతా సరిగ్గా మారింది, యంత్రం లోపల మారలేదు. బీమ్ ఆగి "మాల్‌ఫంక్షన్ 54" అని వచ్చింది. మాటలేవీ లేవు, ఒట్టి నంబరు. ఇవ్వాల్సింది 202 ఎంయూ, ఇచ్చింది 6 అని కనిపించింది. తక్కువే ఇచ్చింది కదా అని 'పి' మీట నొక్కి కొనసాగించారు. వాస్తవంలో అయాన్ చాంబర్లు (డోస్ కొలిచే సెన్సర్లు) ఆ తీవ్రతకి నిండిపోయి తక్కువ చూపాయి. ఆ రోజు గదిలోని వీడియో కనెక్ట్ చేసి లేదు, ఆడియో పని చేయలేదు.

దీన్నుంచి మూడు నియమాలు తీసుకోవచ్చు.

డోస్ కొలత అనుకోని చోట ఆగితే, అది తక్కువ చూపినా "తక్కువ ఇచ్చాం" అని తెర తీర్పు చెప్పకూడదు. "ఇచ్చిన డోస్ నిర్ధారణ కాలేదు" అనే చెప్పాలి. ఎంయూ1, ఎంయూ2 రెండు స్వతంత్ర చాంబర్ల రీడింగులు. మామూలు వేళల్లో ఒకటి చాలు, బీమ్ ఆగిన క్షణం మాత్రం రెండూ పక్కపక్కనే కనిపించాలి.

సందేశంలో నాలుగు ముక్కలు ఇదే వరసలో ఉండాలి: ఏం జరిగింది, యంత్రం ఏం చేసింది, ఇప్పటికి ఎంత ఇచ్చింది, ఇప్పుడు ఎవరిని పిలవాలి. నమూనాకి: "కౌచ్ కదిలింది. బీమ్ ఆగింది. 142లో 87 ఎంయూ ఇచ్చింది. గదిలోకి వెళ్లి చూడండి, ఫిజిసిస్టుని పిలవండి." కోడ్ నంబరు కింద చిన్నగా ఉంటే సర్వీసు ఇంజనీరుకి చాలు.

మిగిలిన 55 ఎంయూని మనిషి చేత టైపు చేయించకూడదు. సిస్టమే లెక్కగట్టి, పాక్షిక ట్రీట్‌మెంట్‌గా రికార్డులో రాసుకోవాలి. 55 బదులు మళ్లీ 142 కొట్టడం ఎంత తేలికో చెప్పక్కర్లేదు.

#7 · సెట్టింగ్‌రూమ్

ఓవర్‌రైడ్‌ల మీద మీ కోపం అర్థమైంది గానీ, అసలు అన్ని ఓవర్‌రైడ్‌లు ఎందుకొస్తున్నాయో అడగాలి. చాలాచోట్ల టాలరెన్స్ టేబుల్‌లో తప్పు ఉంటుంది, మనుషుల్లో కాదు. ఇండెక్స్ బార్ (పేషెంట్ సామగ్రిని కౌచ్ మీద రోజూ ఒకే చోట బిగించే పట్టీ) లేకుండా పేషెంట్‌ని కౌచ్ మీద ఎక్కడైనా పడుకోబెడితే లాంగిట్యూడినల్ (పొడవు దిశ) అంకె రోజూ కొన్ని సెంటీమీటర్లు మారుతుంది. దానికి 1 సెం.మీ. హద్దు పెడితే రోజూ ఓవర్‌రైడే. ఇండెక్సింగ్ ఉన్న హెడ్ అండ్ నెక్ మాస్క్‌కి హద్దు బిగించవచ్చు, ఇండెక్సింగ్ లేని సెటప్‌కి వేరే టేబుల్ కావాలి. యంత్రం క్యూఏలో (నాణ్యత తనిఖీలో) వాడే 1 మి.మీ., 1 డిగ్రీ హద్దుల్ని తెచ్చి ఇక్కడ పెట్టకండి. అవి యంత్రం కచ్చితత్వానికి, ఇవి మనిషి పడుకున్న తీరుకి.

ఓవర్‌రైడ్ తెరలో ప్రశ్న అడగడం మానేసి అంకెలు చూపండి. నిజంగా పట్టుబడాల్సిన తప్పు ఎలా ఉంటుందో చూడండి:

కౌచ్ లాటరల్ (అడ్డం దిశ): ప్లాన్ +3.2, ఇప్పుడు −3.2, తేడా 6.4 సెం.మీ.

ఇది చూడగానే షిఫ్ట్ అటు బదులు ఇటు ఇచ్చారని తెలిసిపోతుంది. "లాటరల్ హద్దు దాటింది, కొనసాగించాలా?" అంటే ఏమీ తెలియదు. గుర్తు మారి అంకె ఒకటే అయితే సాఫ్ట్‌వేరే "దిశ తారుమారైందా?" అని అడగొచ్చు. ప్లస్ మైనస్‌తో పాటు "పేషెంట్ ఎడమకి" అని మాటల్లో కూడా రాయండి. తెరకి ఎడమ, పేషెంట్‌కి ఎడమ ఒకటి కావు. బోర్లా పడుకున్నా, కాళ్లు గ్యాంట్రీ వైపు పెట్టినా మళ్లీ మారిపోతాయి.

ఓవర్‌రైడ్ కారణం రాయించే పెట్టె ఖాళీగా పెడితే చుక్కలు కొట్టి పంపేస్తారు. ముందే నాలుగైదు కారణాలు ఇచ్చి ఎంచుకోమనండి. ఏ కారణం ఎక్కువసార్లు వస్తోందో నెలకోసారి చూస్తే ఏ టేబుల్ సరిచేయాలో దొరుకుతుంది.

#8 · గంటమోత

హెచ్చరికల సంగతి. వైద్య పరికరాల హెచ్చరికల ప్రమాణం ఐఈసీ 60601-1-8లో మూడు స్థాయిలు. అత్యవసరానికి ఎరుపు, సెకనుకి సుమారు రెండుసార్లు మెరవాలి (1.4 నుంచి 2.8 హెర్ట్జ్). మధ్యస్థానికి పసుపు, నెమ్మదిగా మెరవాలి (0.4 నుంచి 0.8 హెర్ట్జ్). తక్కువ స్థాయికి మెరవని పసుపు లేదా నీలి ఆకుపచ్చ. శబ్దాలకీ వేర్వేరు సరళులున్నాయి. సొంత సంగీతం కట్టొద్దు. పక్కనున్న యంత్రాలతో కలిసిపోతే ఏది మోగుతోందో తెలియదు.

మీ నమూనాలో తేడా వస్తే అన్నీ ఎరుపే అన్నారు. ఉదాహరణకి శ్వాస బిగబట్టే ట్రీట్‌మెంట్ తీసుకోండి. ఉపరితల గైడెన్స్‌లో (ఒంటి ఉపరితలాన్ని కెమెరాలతో గమనించే పద్ధతిలో) 3 మి.మీ. హద్దు పెట్టారనుకుందాం. పేషెంట్ ఊపిరి వదిలిన ప్రతిసారీ బీమ్ హోల్డ్ అవుతుంది, అది అలాగే అవ్వాలి. దానికి ఎర్ర లైటూ గంటా పెడితే ఒక్క ఫ్రాక్షన్‌లో పదిసార్లు మోగుతుంది, ఇక నాన్నా పులి కథే. పదకొండోసారి నిజంగా తలుపు తెరుచుకున్నా ఎవరూ తల ఎత్తరు. హోల్డ్ అనేది స్థితి. రంగు మారితే చాలు, మోత వద్దు. హోల్డ్ అన్నాక కూడా ఎంయూ పెరుగుతూ ఉంటే, అదీ అత్యవసరం!

ఎరుపు, ఆకుపచ్చ ఒక్కటే తేడాగా పెట్టకండి. మగవాళ్లలో చెప్పుకోదగ్గ శాతానికి ఆ రెండు రంగులు విడిగా కంటికి ఆనవు. ఆకారం కూడా మారాలి: సరిగా ఉంటే ఏ గుర్తూ వద్దు, జాగ్రత్తకి త్రికోణం, ఆగితే అష్టభుజి. అంతా బాగున్నప్పుడు ఆకుపచ్చ కూడా ఎందుకు? బూడిద రంగులో ఉంచేస్తే తేడా వచ్చిన గడి ఒక్కటే రంగెక్కి కనిపిస్తుంది.

#9 · తెరగీత

ఆకుపచ్చ తీసేస్తే "పని చేస్తోందా లేదా?" అనే అనుమానం రాదా?

#10 · గంటమోత

వస్తుంది, అది మంచి అనుమానమే. దానికి జవాబు రంగుతో కాదు, డేటా వయసుతో ఇవ్వండి. నెట్‌వర్క్ తెగినప్పుడు ఆఖరి అంకెని అలాగే నిలబెట్టే తెరకన్నా ప్రమాదకరమైంది లేదు. ఒక సెకను పాటు కొత్త డేటా రాకపోతే అంకె మీద అడ్డగీత, పక్కన "3 సెకన్ల కిందటిది" అని పెరుగుతూ పోవాలి. అయిదు సెకన్లు దాటితే అంకెనే తీసేసి గీతలు పెట్టండి. తెర గీసే ప్రోగ్రామే గడ్డకట్టినా తెలియాలి కాబట్టి, ప్రతి డేటా ప్యాకెట్‌కీ కదిలే చిన్న గుర్తు ఒకటి మూలన పెట్టండి. దాన్ని యానిమేషన్ లూప్‌తో తిప్పారో, డేటా చచ్చినా అది తిరుగుతూనే ఉంటుంది.

#11 · అయాన్‌చాంబర్

ఆలస్యం గురించి గంటమోత గారికి ఒక చేర్పు. ఒక సెకను అంటే ఎంతో అది డోస్ రేటుని బట్టి ఉంటుంది. 600 దగ్గర 10 ఎంయూ. ఎఫ్‌ఎఫ్‌ఎఫ్ (ఫ్లాటెనింగ్ ఫిల్టర్ లేని) బీమ్‌లో 2400 ఎంయూ/నిమిషం నడిపితే సెకనుకి 40 ఎంయూ. రెండు సెకన్లు వెనకబడిన తెర చూసి మీట నొక్కేలోపు 80 దాటిపోతుంది, మనిషి స్పందించే సమయం కలపకుండానే. కాబట్టి బీమ్ ఆపే పని ఈ తెరని నమ్ముకుని ఉండకూడదు. ఆపేది యంత్రం ఇంటర్‌లాకే. మీ తెర అది ఎందుకు ఆగిందో, మళ్లీ మొదలుపెట్టొచ్చో లేదో తేల్చుకోవడానికి.

#12 · లీఫ్‌బ్యాంక్

ఎంఎల్‌సీకి "స్థితి: సరే" అనే గడి చాలదు. 2005లో న్యూయార్క్‌లో జరిగింది ఇదే. ప్లాన్ మార్చి సేవ్ చేస్తుండగా కంప్యూటర్ మొరాయించింది. లీఫ్‌ల కదలిక సమాచారం సేవ్ కాలేదు. ఎంయూలు మాత్రం ఐఎంఆర్‌టీకి (లీఫ్‌ల కదలికతో డోస్‌ని మలిచే పద్ధతికి) తగ్గ పెద్ద ఎంయూలే ఉండిపోయాయి. ఎంఎల్‌సీ పూర్తిగా తెరుచుకుని ఉండగా మూడు ఫ్రాక్షన్లు ఇచ్చారు. లీఫ్‌లు తెరిచి ఉన్నట్టు కన్సోల్ తెర చూపుతూనే ఉంది, ఎవరి కంటా పడలేదు. ట్రీట్‌మెంట్‌కి ముందు చేయాల్సిన ఫాంటమ్ (పేషెంట్ బదులు పెట్టే నమూనా) పరీక్ష ఆ తర్వాతే చేశారు.

బొమ్మ ఒక్కటే పెడితే కన్ను అలవాటు పడిపోతుంది. ప్లాన్ ఆకారం సన్నగీతగా, కొలిచిన ఆకారం నిండు రంగుగా ఒకదాని మీద ఒకటి వేయండి. పక్కనే తెరుచుకున్న వైశాల్యం చదరపు సెం.మీ.లో రెండు అంకెలుగా ఇవ్వండి. ప్లాన్ 38, ఇప్పుడు 400 అని ఉంటే చూపు ఆగుతుంది. బీమ్‌కి ముందే చూడాల్సింది కంట్రోల్ పాయింట్ల (గ్యాంట్రీ, లీఫ్‌ల స్థానం ప్లాన్‌లో రాసిన బిందువుల) సంఖ్య. రెండేసి డిగ్రీలకి ఒకటి చొప్పున పూర్తి ఆర్క్‌కి 180కి అటూఇటూ ఉండాలి. ప్లాన్‌లో ఉండి యంత్రం వైపు 0 వస్తే అక్కడికక్కడే ఆపాలి. ఇది హెచ్చరిక కాదు, ఓవర్‌రైడే లేని అడ్డుకట్ట.

#13 · దశాంశం

అంకెల రాతలో చిన్నచిన్నవి. ".5" వద్దు, "0.5" రాయండి. "5.0" అనవసరమైన చోట వద్దు, చుక్క కనబడకపోతే 50 అయిపోతుంది. డోస్ గ్రేలోనా సెంటీగ్రేలోనా అన్నది విభాగమంతటికీ ఒక్కటే. ఒక తెరలో 1.8, ఇంకో తెరలో 180 ఉంటే ఎప్పుడో ఒకరోజు దెబ్బ తింటారు. అన్ని అంకెలూ ఒకే వెడల్పుండే ఫాంట్ తీసుకోండి, దశాంశ చుక్కలు ఒకే నిలువు గీతలో పడాలి. లేకపోతే 9 నుంచి 10కి మారినప్పుడు వరస గెంతుతుంది.

లేబుల్ ఇంకా ముఖ్యం. 2006లో గ్లాస్గో ప్రమాదంలో అంకె తప్పు కాదు, అర్థం మారింది. అంతకుముందు పద్ధతిలో 1 గ్రేకి ఇంత అని ఎంయూ తీసుకుని, ఫ్రాక్షన్ డోస్‌కి తగ్గట్టు చేత్తో పెంచేవారు. కొత్త ఏర్పాటులో సిస్టమ్ ఇచ్చేదే అసలు ఫ్రాక్షన్ డోస్‌కి ఎంయూ. దాన్ని మళ్లీ పెంచారు. పేషెంట్‌కి 58 శాతం ఎక్కువ వెళ్లింది. "ఎంయూ" అని రాసి వదిలేయకండి, "ఈ ఫ్రాక్షన్ 1.75 గ్రేకి ఎంయూ" అని రాయండి. గడి పొడవైనా ఫర్లేదు.

#14 · సెట్టింగ్‌రూమ్

దశాంశం గారి మాటకి జోడింపు: "మామూలుగా ఎంత ఉంటుంది" అన్నది కూడా చూపొచ్చు. పనామాలో 2000-2001లో షీల్డింగ్ బ్లాకుల వివరాలు వేరే పద్ధతిలో ఎక్కించడంతో ప్లానింగ్ సిస్టమ్ ట్రీట్‌మెంట్ సమయాన్ని దాదాపు రెట్టింపు లెక్కగట్టింది. ఏ హెచ్చరికా రాలేదు. 28 మందికి ఎక్కువ డోస్ వెళ్లింది. అదే రకం ఫీల్డులకి గతంలో పట్టిన సమయం పక్కనే సన్నని పట్టీలా కనిపిస్తే రెట్టింపు అన్నది దాచినా దాగదు.

#15 · తెరగీత

పరీక్ష ఎలా చేయాలి? ఐఈసీ 62366-1 ప్రకారం యూజబిలిటీ (వాడుక సౌలభ్యం) ఫైల్ మొదలుపెట్టాం.

#16 · మాల్‌ఫంక్షన్

సంతృప్తి ప్రశ్నాపత్రాలు పక్కన పెట్టేయండి. ఫాంటమ్ పెట్టి, తప్పులు కావాలని చొప్పించండి. బీమ్ మధ్యలో నెట్‌వర్క్ కేబుల్ పీకండి. ఒకే ఇంటిపేరున్న ఇద్దరు పేషెంట్లలో తప్పు ఫైల్ తెరవండి. కౌచ్ గుర్తు తిప్పండి. బోలస్ తీసేయండి. హోల్డ్‌లో ఎంయూ పెరుగుతున్నట్టు సిమ్యులేటర్ నుంచి పంపండి. అదే సమయంలో ఫోన్ మోగించండి, ఎవరో వచ్చి ఏదో అడగాలి. తప్పు మొదలైన క్షణం నుంచి బీమ్ ఆగే దాకా ఎన్ని సెకన్లో కొలవండి. తుది పరీక్షకి ఒక్కో వాడుకరి వర్గం నుంచి కనీసం 15 మంది ఉండాలని అమెరికా ఎఫ్‌డీఏ మార్గదర్శకం. టెక్నాలజిస్టులు ఒక వర్గం, ఫిజిసిస్టులు ఇంకో వర్గం, కలిపి 15 కాదు.

ఒక మాట. చదివే తెరే కదా అని ధీమా వద్దు. దాన్ని చూసి ఎవరైనా బీమ్ ఆపుతున్నారు, కొనసాగిస్తున్నారు అంటే అది వైద్య పరికరం సాఫ్ట్‌వేరే. ఐఈసీ 62304 (వైద్య సాఫ్ట్‌వేర్ ప్రమాణం) భద్రతా తరగతి ఏదో ఇప్పుడే తేల్చుకోండి. కోడ్ అంతా రాశాక ఆ కాగితాలు తయారు చేయడం నరకం.

#17 · తెరగీత

సవరించిన నమూనా: బీమ్‌కి ముందు ఒకటి, బీమ్‌లో ఇంకొకటి. బీమ్‌లో నాలుగే గడులు. మామూలు స్థితి బూడిద రంగు. అన్నీ ఐఈసీ స్కేల్‌లో. ప్రతి అంకె కింద మూలం: ప్లాన్, కొలత, లెక్క. హెచ్చరిక సందేశం సమస్య తొలగగానే దానంతట అదే పోతుంది.

#18 · కన్సోల్‌పక్క

ఆ చివరిది మార్చండి. అరసెకను పాటు వచ్చి పోయిన ఇంటర్‌లాక్ తర్వాత తెర శుభ్రంగా కనిపిస్తే, బీమ్ ఎందుకు ఆగిందో చెప్పే దిక్కుండదు. మోత ఆగిపోవచ్చు, సందేశం మాత్రం ఎవరో చదివి నొక్కేదాకా ఉండాలి, సమయంతో సహా. ఆ సమయం కన్సోల్‌లో, రికార్డ్ అండ్ వెరిఫై (ట్రీట్‌మెంట్ వివరాలు సరిచూసి దాచే) సర్వర్‌లో, మీ తెరలో ఒకటే ఉండాలంటే మూడింటికీ ఒకే ఎన్‌టీపీ (గడియారాలు సరిచేసే) సర్వర్ పెట్టించండి. మూడు గడియారాలు మూడు సమయాలు చెబితే, బీమ్ ముందు ఆగిందా కౌచ్ ముందు కదిలిందా అన్నది లాగ్ చూసినా తేలదు.